తొట్టి ఎత్తు

కొత్త బండి ఎలా ఉంది అనడిగాడు
సూర్రావు గారబ్బాయి.
నా కళ్ళనడుగుతున్నాడు.
అడగాల్సింది నా భుజాన్ని.

పాత బండి తొట్టి నా నడుం దగ్గరికొచ్చేది.
కర్పూర గెలతో కొంచెం వంగితే చాలు,
నిద్దరోతున్న పిల్లని పక్కమీదకి జార్చినట్టు
దానంతటదే జారిపోయేది.
కొత్తది రొమ్ముకి తగులుద్ది.
గెలని ముందు మొయ్యాలి
తర్వాత ఎత్తాలి
ఆ తర్వాత తొట్టిలో ఎవడన్నా ఉంటే
అందుకోరా నాయనా అని బతిమాలాలి.

రావులపాలెం యార్డులో మాకందరికీ ఇదే కొలత.
కంపెనీ పేరు మేం తర్వాత చదువుతాం,
చదవొచ్చినవాళ్ళం.

పాతదానికి కింద రేకు తుప్పు తినేసి
ఇస్సాకు కాళ్ళ మధ్యనించి రోడ్డు కనపడేది.
వంతెన మీద సిమెంటు తెలుపు,
ఏటిగట్టు మీద ఒండ్రు నలుపు.
తల దించుకునే చెప్పేవాడు ఎక్కడున్నామో.
హారను ఏనాడో మూగబోయింది.
తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు,
కొత్తపేట దారిలో మేకలు తప్పుకునేవి.
కొత్తది వెనక్కి వస్తుంటే
ఓ ఆడగొంతు జాగ్రత్త చెబుతుంది, హిందీలో.
మా మేకలకి హిందీ రాదు.

అలాగని పాతదాన్ని పొగిడితే కళ్ళు పోతాయి.
మంచు పడ్డ పొద్దున్న నలుగురం తోసేవాళ్ళం,
ఆయ్, ఇంకొక్క తోపు, ఇంకొక్క తోపు,
అది దగ్గి, పొగంతా మా మొహాన ఊసి,
మమ్మల్నొదిలేసి వెళ్ళిపోయేది.
ఓసారి జొన్నాడ వంతెన దిగుతుంటే బ్రేకు పడలేదు.
ఇస్సాకు గట్టువాలుకి ఎక్కించి ఆపాడు.
వెనకున్న నాకు మోచేతి మీద తొమ్మిది కుట్లు.
అందుకే కొత్త బండి బ్రేకుల్ని
నేనొక్క మాటనను.
తాళం తిప్పితే పిల్లిలా గుర్రుమంటుంది చూడండి,
దాన్నీ ఏమనను.

కానీ వరదొచ్చింది.
లంక దారి మీద మోకాల్లోతు ఎర్రనీళ్ళు.
పాతదైతే ముక్కు దాకా మునిగి
తిట్టుకుంటూ ఒడ్డెక్కేసేది.
కొత్తది చక్రాలు తడవగానే
పసుపు దీపమొకటి వెలిగించి కూర్చుంది.
రాజమండ్రి నించి కుర్రాడు రావాలి,
బండికి లాప్‌టాపు పెట్టి
నీకేమైందని అడగాలి.
రెండ్రోజులు.
చక్కెరకేళి అంతా తొట్టిలోనే పండిపోయింది.
లంక పిల్లలు మాత్రం
కొత్త బండే మంచిదన్నారు.

ఇస్సాకు ఇప్పుడు అద్దాలెత్తుకుని తోలతాడు.
లోపల చల్లగా ఉంటుందంట.
పెదాలు కదులుతుంటాయి,
పాటో, ఫోనో,
ఆలస్యమైందని నన్నే తిడుతున్నాడో.
పాత బండిలో తిడితే వినపడేది,
తిరిగి తిట్టేవాణ్ణి,
ఊబలంక వచ్చేసరికి ఇద్దరం
ఒకే చుట్ట కాల్చేవాళ్ళం.

పాతదాన్ని కిలోల లెక్కన అమ్మేశారు.
ఇంజను వేరే, రేకు వేరే,
కమానుకట్టలు వేరే.
ముక్కలు కోసి కాటా మీద పెడుతుంటే
చావుకొచ్చినవాళ్ళలా చేతులు కట్టుకు నిలబడ్డాం.
వెనక తలుపు వంతు వచ్చింది.
అది నాకిచ్చెయ్యండి అన్నాను.
ఎందుకురా అన్నారు సూర్రావు గారు,
నవ్వి, కూలిలో పట్టుకున్నారు.

రెండు కొబ్బరి మొద్దులు.
వాటి మీద ఆ తలుపు బోర్లా.
నీలం రంగు వెలిసిన చోట
'సూ' ఒక్కటే మిగిలింది, కొమ్ము విరిగి.
దాని మీద కాలేసి లేస్తే
కొత్త బండి తొట్టి
మళ్ళీ నా నడుం దగ్గరికొస్తుంది.
కాలి కింద పాతది కిర్రుమంటుంది,
దాని గొంతు నాకు తెలుసు.

అబ్బాయి మళ్ళీ అడిగాడు,
ఇంతకీ ఏది బాగుందో చెప్పవేంటని.

ఉండండి బాబూ,
ఈ గెల దించనివ్వండి.